యజమాని సంతకం

4, మంగళవారం

ఏ రోజు ఏ కౌంటరులో ఎవరు ఏమన్నారో రాసి పెట్టుకో పెద్దాయనా, రేపు నేను అనలేదంటే నేను అనలేదంటారు అని గడ్డం ఇంజనీరు చెప్పాడు. ఇంజనీరంటే నిజం ఇంజనీరు కాదు. మునిసిపాలిటీ ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపు పక్కన కూర్చుని ప్లాన్లు గీసి పెడతాడు. గడ్డం మాత్రం పెద్ద ఇంజనీరుకు ఉండాల్సినంత ఉంది. అతని మాట మీద రాస్తున్నాను. నాకు రాయడం సరదా కాదు. ఒక్కో అక్షరం ఒక్కో ఇటుక మోసినట్టే ఉంటుంది.

విషయం ఏమిటంటే మేడ మీద గది కడుతున్నాను. పన్నెండు అడుగులకు పది. నలభై ఏళ్లు ఈ ఊళ్లో సగం ఇళ్లు కట్టిన తాపీ మేస్త్రీని. నా ఇంటి మీద నేను గది కట్టుకోవడానికి కాగితం పెట్టి అడగాలట. సరే, అడుగుతాను. అడగడమంటే బతిమాలడం కాదు.

ఇవాళ కాగితాలు ఇచ్చాను. పదకొండు పేజీలు. కౌంటరులో ఉన్న ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని పేజీలు లెక్కపెట్టి ట్రేలో పడేసింది. చూసి చెప్తాం అంది.

చెయ్యి కొంచెం వణికింది. పెన్ను మంచిది కాదు.

5, బుధవారం

ఏమీ లేదు. మధ్యాహ్నం మేడ మీద పడుకున్నాను.

6, గురువారం

సున్నం కలిపి మేడ మీద గీతలు గీశాను. గది ఎక్కడ వస్తుందో కంటికి కనపడాలి కదా. తలుపు చోట మూడడుగులు గీత వదిలేశాను. తర్వాత గీతల మధ్య చాప వేసుకుని పడుకున్నాను.

కళ్లు మూసుకున్నానో లేదో గోడలు లేచాయి. కూలీలు లేరు, సిమెంటు మాలు కలిపే చప్పుడు లేదు. ఒక్కో ఇటుక దానంతట అదే వచ్చి దాని చోట్లో కూర్చుంటోంది, బళ్లో పిల్లలు వచ్చి కూర్చున్నట్టు. గుండు దారం కట్టి చూశాను. ఒక్క నూలు తేడా లేదు. పైకప్పు పడేసరికి లోపల చల్లబడింది. నిజంగానే చల్లబడింది. కళ్లు తెరిస్తే పైన మబ్బు ఉంది.

మా ఆవిడ తడిబట్టలు తీసుకుని పైకి వచ్చింది. నేరుగా గోడలోంచి నడిచి వచ్చేసింది.

"తలుపు అటుంది" అన్నాను.

"ఏ తలుపు?"

"గీత లేని చోట చూడు."

వెనక్కి తిరిగి చూసింది. "అయితే గోడలోంచి వచ్చానన్నమాట. మీ గదిలో అప్పుడే దయ్యం కూడా చేరిపోయింది" అని బకెట్టు దించి, గది మధ్యలో ఉన్న తీగ మీద చీర ఆరేసింది. చీర నీడ నా మీద అటూ ఇటూ ఊగింది. మళ్లీ నిద్ర పట్టింది.

7, శుక్రవారం

కాగితాలు తిరిగొచ్చాయి. మొదటి పేజీ మీద ఎర్రసిరాతో "దరఖాస్తుదారు యజమాని కాదు" అని రాసి ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.

"ఎవరు రాశారమ్మా ఇది?" అన్నాను.

కౌంటరమ్మ తల ఎత్తకుండానే "పైన" అంది.

"నేను యజమానిని కాకపోతే ఆ ఇల్లు ఎవరు కట్టారట?"

"కట్టినవాళ్లు అక్కర్లేదండీ, యజమాని కావాలి. దస్తావేజులో మీ ఆవిడ పేరుంది."

"స్థలం ఆమె పేరున ఉంది. ఇల్లు నాది."

"మా లెక్కలో స్థలం ఎవరిదైతే ఇల్లు కూడా వాళ్లదే."

"భార్యాభర్తలు ఒకటే అనుకో."

"అనుకోవడానికి ఇందులో కాలమ్ లేదండీ."

వెనక వరసలో ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే అందరూ పైన ఫ్యాను వైపు చూస్తున్నారు.

పదిహేను రోజుల్లో సరిచేసి ఇవ్వకపోతే ఫైలు మూసేస్తారట. మళ్లీ మొదటినుంచి రావాలి.

స్థలం ఆమె పేరున పెట్టింది నేనే. ముప్పై ఎనిమిదేళ్ల కిందట. ప్రేమతో పెట్టాను. ఊళ్లో అందరికీ తెలుసు. కష్టపడి కొన్నది పెళ్లాం పేరున పెట్టేవాడే మగాడు అని ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాను.

10, సోమవారం

గడ్డం ఇంజనీరు కాగితాలన్నీ ఆమె పేరున మళ్లీ రాశాడు. అన్నం తినే వేళకు ఆమె ముందు పెట్టాను. పెన్ను మూత కూడా తీసి ఇచ్చాను.

"మూడు చోట్ల పెట్టు."

"చదవనివ్వండి."

"చదవడానికి ఏముంది అందులో?"

"నా దరఖాస్తు అంటున్నారు కదా. నేనేం అడుగుతున్నానో నాకు తెలియొద్దూ."

వంటగది గడప మీద కూర్చుంది. లోపల వెలుతురు ఉండదు. వంటగదికి కిటికీ లేదు. పక్కింటివాళ్ల చూపు పడకూడదని నేనే పెట్టలేదు. ఇల్లు కట్టేవాడికి ఆ మాత్రం ముందుచూపు ఉండాలి. పదకొండు పేజీలూ చదివింది. అన్నం చల్లారిపోయింది.

"గది ఎవరికోసం?" అంది.

"వచ్చేవాళ్ల కోసం."

"ఎవరొస్తారు?"

"ఎవరో ఒకరు."

"కట్టేవారు అన్నచోట మీ పేరుంది."

"నా ఇంటికి ఇంకొకడి పేరుంటుందా?"

"పైన గోడ లేపాలంటే బయటి వైపు పరంజా వెయ్యాలి కదా."

"వేస్తారు."

"ఎవరెక్కుతారు?"

"మేస్త్రీ ఎక్కుతాడు. నువ్వెక్కుతావా?"

కాగితాలు సమంగా సర్ది మడత పడకుండా అటక మీద పెట్టింది. పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చింది. "మీరు పైకెక్కడానికి నేను సంతకం పెట్టను" అంది. గొంతు పెంచలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

రెండేళ్ల కిందట పరంజా మీంచి దిగుతూ కొంచెం జారాను. దానికి ఇంత.

11, మంగళవారం

మాట్లాడలేదు.

12, బుధవారం

మాట్లాడలేదు. నేను కూడా.

13, గురువారం

పొద్దున వాన. గీతలు పోయాయి. ఎండ రాగానే మళ్లీ గీశాను. ఈసారి గోడలో ఒక అర కూడా గీశాను, గూట్లో చిన్న వస్తువులు పెట్టుకోవడానికి.

చాప మీద పడుకుంటే గది వచ్చేసింది. ఇప్పుడు పిలవనక్కర్లేదు, అదే వస్తోంది. లోపల ఎవరో నాకు వీపు చూపిస్తూ పని చేస్తున్నారు. చొక్కా నాదే. మాలు తీసి ఇటుక మీద పరిచి, తాపీ అంచుతో మిగిలింది గీకి తీస్తున్నాడు. ఆ చెయ్యి వణకడం లేదు. ఎంతసేపైనా చూడాలనిపించింది. మేస్త్రీ, ఇటు తిరుగు అన్నాను. తిరగలేదు. పని మధ్యలో నేను కూడా ఎవరు పిలిచినా తిరిగేవాణ్ణి కాదు.

లేచేసరికి మొహం మీద ఎండ ఉంది. పక్కన నీళ్ల చెంబు ఉంది. ఎప్పుడు పెట్టి వెళ్లిందో.

జారాను అని రాశాను మొన్న. పడ్డాను. రెండో అంతస్తు నుంచి ఇసుక కుప్ప మీద పడ్డాను కాబట్టి ఉన్నాను. ఆ రోజు నుంచి నన్ను ఎవరూ పనికి పిలవలేదు. వీధిలో కలిస్తే బాగున్నారా మేస్త్రీగారూ అంటారు, పని సంగతి ఎత్తరు. ఒక్క గది. ఒక్క గది నా చేత్తో లేపితే చాలు. తర్వాత తాపీ కడిగి లోపల పెట్టేస్తాను.

14, శుక్రవారం

"ఏం మేస్త్రీగారూ, మునిసిపాలిటీ కంటే ఇంట్లో పర్మిషన్ కష్టంగా ఉన్నట్టుందే" అన్నాడు గడ్డం ఇంజనీరు.

"నోరు మూసుకుని పని చూసుకో" అన్నాను.

"నా పని ఎప్పుడో అయిపోయింది. మూడు సంతకాలు బాకీ. వచ్చే శుక్రవారం దాటితే ఫైలు మూతే."

తిరిగి వస్తూ ఆఫీసులోకి వెళ్లాను. పనేమీ లేదు. హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. ఫ్యాన్ల కింద కాగితాలు లేస్తూ పడుతూ ఉన్నాయి, నిద్రలో ఊపిరి తీసినట్టు. అక్కడ కూర్చున్నవాళ్లందరి చేతుల్లో ప్లాన్లు చుట్టలు చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో ఇల్లు. ఎవరి ఇంట్లో వాళ్లు తిరుగుతున్నట్టున్నారు, ఎదురుగా ఉన్నవాళ్లు కనపడటం లేదు. నాకు కునుకు పట్టింది. కౌంటరమ్మ లేపింది. భోజనాల టైము, తలుపు వెయ్యాలి అంది.

16, ఆదివారం

ఆమె పేరు రాయడం ఎలా ఉంటుందో చూశాను. ఊరికే.

మూడక్షరాలు. మొదటి అక్షరం గుండ్రంగా తిరిగి కిందికి దిగి లోపలికి ముడుచుకుంటుంది. నేను ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమే అంటాను, లేకపోతే ఊరికే దగ్గుతాను. రాసింది కూడా లేదు. దస్తావేజు జిరాక్సులో ఆమె సంతకం ఉంది. దాన్ని చూస్తూ రాశాను. వెనక పేజీలో నలభై సార్లు రాశాను. మొదట్లో పాకుతున్నట్టు ఉన్నాయి. చివరికి నిలబడ్డాయి. రాస్తుంటే వింతగా ఉంది. చెయ్యి వణకలేదు.

ఇది కూడా రాసేస్తాను, ఈ పుస్తకం ఎవరూ చూడరు. స్థలం రిజిస్టరు చేసుకున్న రోజు నాకు సంతకం రాదు. సాక్షిగా వచ్చినవాడు నా కింద పనిచేసే కూలీ. వాడికి వచ్చు. వాడు చూస్తుండగా నేను వేలికి సిరా పూసుకోవాలా. దస్తావేజు రాసే ఆయన, పేరెవరిది అనగానే, మా ఆవిడదే, ఆమె పేరునే రాయండి అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఒక్కసారి నా వేలి వంక చూసి, పెన్ను అందుకుంది.

ఇంట్లో చేరిన ఏడాది సాయంత్రాలు పలక కొనుక్కొచ్చి నాకు అక్షరాలు దిద్దించింది. ఎందుకు అని అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నవి ఆ అక్షరాలే.

పైదంతా కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

17, సోమవారం

అటక మీద కాగితాలు అలాగే ఉన్నాయి. ఆమె స్నానానికి వెళ్లింది.

18, మంగళవారం

ఇచ్చేశాను. మూడు చోట్ల.

అదే రోజు, సాయంత్రం

ఆమె ఫోను మోగింది. మెసేజి. కళ్లజోడు పెట్టుకుని చదివింది. నా ముందు టీ గ్లాసు పెట్టి, "నా దరఖాస్తు అందిందట" అంది. వెళ్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.

టీ తాగాను. ఎలా ఉందో తెలియలేదు.

20, గురువారం

ఆమె ఎప్పటిలాగే ఉంది. అదే బాగాలేదు. తిట్టినా బాగుండును.

22, శనివారం

మధ్యాహ్నం గది వచ్చింది. పూర్తయిపోయింది, పూత ఒక్కటే తక్కువ. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి ఇటుక మీదా ఆమె పేరు అచ్చు పోసి ఉంది. ఇటుకల బట్టీ వాళ్లు వాళ్ల గుర్తు వేస్తారు కదా, అలా. ఎక్కడ చెయ్యి పెట్టినా మూడక్షరాలు వేళ్లకు తగులుతున్నాయి. పూత పూస్తే కనపడకుండా పోతాయని గబగబా పూయడం మొదలుపెట్టాను. పూసిన కొద్దీ పైకి తేలాయి.

ఇవాళ చాప మీద ఎక్కువసేపు ఉండలేదు.

25, మంగళవారం

వారానికే వచ్చారు. ఆఫీసు తరఫున చూసి వెళ్లే ఆయన, నడుముకు టేపు తగిలించుకుని. వెంట గడ్డం ఇంజనీరు. మేడ ఎక్కి కొలిచారు. నేను కూడా ఎక్కాను. టేపాయన నా సున్నం గీతల మీద టేపు పరిచి, ప్లానులో చూసి, "ఇంచీ తేడా లేదండీ, ఎవరు గీశారు" అన్నాడు. నేను అన్నాను. గుండెకు చల్లగా తగిలింది. ఎన్నాళ్లకో ఒకళ్లు నా పని చూసి మాట అన్నారు.

కిందికి దిగాక ఫైలు తెరిచాడు.

"అమ్మా, యజమాని మీరేనా?"

"నేనే" అంది చేతులు తుడుచుకుంటూ.

"ఈ సంతకాలు మీవేనా? ఒకసారి చూసి చెప్పండి, అడగాలి కాబట్టి అడుగుతున్నాను."

గోడకు ఆనుకున్నాను. ఆమె ఫైలు తీసుకుని వెలుతురు కోసం వీధి గుమ్మం దాకా వెళ్లింది. కళ్లజోడు పెట్టుకుంది. మూడు పేజీలు తిప్పి మూడు చోట్లా చూసింది. ఒకదాని మీద వేలు పెట్టి నెమ్మదిగా దిద్దినట్టు తిప్పింది. గడియారం చప్పుడు వినపడుతోంది. బయట ఎవరో సైకిలు తోసుకుంటూ వెళ్లారు. ఆ సైకిలు వీధి చివరిదాకా వెళ్లిన చప్పుడు మొత్తం విన్నాను.

"నా రాతే" అంది.

టేపాయన టిక్కు పెట్టుకున్నాడు. "మార్పులేమైనా కావాలంటే ఇప్పుడే చెప్పండమ్మా. అప్రూవ్ అయ్యాక మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది."

"నన్నా అడుగుతున్నారు?"

"మీరే కదా యజమాని."

"ఉన్నట్టుండి అడిగితే ఏం చెప్తానండీ. అలవాటు లేదు."

గడ్డం ఇంజనీరు నవ్వాడు. "మేస్త్రీగారి ఇంట్లో ఆ మాట అంటే ఎలాగమ్మా. మా ఇల్లు కట్టింది ఈయనే. మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. గోడ లేపేముందు మా అమ్మని పిలిచి, పొయ్యి ఇక్కడ వస్తుంది, ఒకసారి నిలబడండమ్మా అని నిలబెట్టి, సరిగ్గా ఆమె కళ్ల ఎత్తులో కిటికీకి గుర్తు పెట్టాడట. ఊళ్లో ఏ ఇంటికెళ్లినా ఇదే మాట."

అది నిజమే. అది నా పద్ధతి. ఇంకో మేస్త్రీ ఎవడూ చెయ్యడు. వంట చేసే మనిషి తల ఎత్తితే గోడ కాదు, బయట కనపడాలి అనేవాణ్ణి.

ఆమె గడ్డం ఇంజనీరు వంక చూసింది, నా వంక చూడలేదు. "అలాగా నాయనా. మా ఇల్లు కట్టింది వేరే మేస్త్రీ అయి ఉంటాడు" అంది.

టేపాయన వంటగదిలోకి తొంగి చూశాడు. మిట్టమధ్యాహ్నం లోపల బల్బు వెలుగుతోంది. "పగలు కూడా లైటు వెయ్యాలా అమ్మా?"

"నాకు పగలైందని చెప్పేది ఆ బల్బే."

వాళ్లు వెళ్లాక ఇద్దరం ముందు గదిలో కూర్చున్నాం.

"అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాను.

"ఏం అబద్ధం?"

"నీ రాత అన్నావు."

"ఆ చేతికి రాత నేర్పింది ఎవరు?" అంది. లేచి లోపలికి వెళ్లింది. లోపలి నుంచి మళ్లీ అంది, "మొదటి అక్షరం మాత్రం బాగా తిప్పారు. పలక మీద ఎంత చచ్చినా వచ్చేది కాదు మీకు."

26, బుధవారం

పక్కింటివాళ్ల చూపు అని రాశాను. ఆ రోజుల్లో పక్కన ఇల్లే లేదు. ఖాళీ స్థలం. అటు చెట్లు కనపడేవి.

ఈ ఇల్లు ఆదివారాలు కట్టాను. వారమంతా వేరేవాళ్ల ఇళ్లు, ఆదివారం మాది. వాళ్ల దగ్గర మిగిలిన చెక్కతో కిటికీలు చేయించాను. వంటగది గోడకు వచ్చేసరికి చెక్క అయిపోయింది. తర్వాత పెడదాంలే అని మూసేశాను. ఆమె అప్పుడు ఇటుకలు అందిస్తోంది. ఆఖరి ఇటుక చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఇవ్వలేదు. బరువేమో అనుకున్నాను. ఇయ్యవే అని కసిరాను. ఇచ్చింది.

తర్వాత అనేది ముప్పై ఎనిమిదేళ్లు సాగింది.

27, గురువారం

పొద్దున వంటగదిలోకి వెళ్లాను. వెళ్లి ఊరికే నిలబడ్డాను. ఆమె గిన్నె తోముతోంది.

"ఏం కావాలి?"

చెవి మీది పెన్సిలు తీశాను. తర్వాత, వేరే ఇళ్లలో అడిగినట్టే అడిగాను. "అమ్మగారూ, కిటికీ ఎక్కడ పెట్టమంటారు?"

తోమడం ఆపింది. తిరగలేదు. కుళాయి నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

"పొయ్యి దగ్గర నిలబడండి" అన్నాను.

"నిలబడే ఉన్నాను కదా, ఇన్నేళ్లూ" అంది. కుళాయి కట్టేసి, తడిచేతులతోనే గోడకు ఎదురుగా నిలబడి, ఎదురుగా చూసింది. గోడనే చూసింది, దాని వెనక ఏదో ఉన్నట్టు.

పెన్సిలుతో ఆమె కళ్ల ఎత్తులో గీత పెట్టాను. గీత వంకర పోయింది. మట్టపు బద్ద పెట్టి గీస్తే బద్ద కూడా కదిలింది. ఆమె రెండో కొస పట్టుకుంది. అప్పుడు సరిగ్గా వచ్చింది. వెనక్కి జరిగి చూస్తే కిటికీ కిందికి ఉన్నట్టు అనిపించింది. కొలిచాను. కొలత తప్పలేదు. ఆమె పొట్టిదైంది. ఆ రోజుల్లో పెట్టి ఉంటే నాలుగు వేళ్లు పైన పెట్టేవాణ్ణి.

"ఎంత వెడల్పు?" అంది.

"మీ ఇష్టం."

"ఇదేం ఖర్మ, ఇంట్లో మీరు మీరు అంటున్నారు."

"యజమానులతో అలాగే మాట్లాడతాను."

నవ్వింది. చాలాకాలమైంది ఆ నవ్వు విని. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ పొగ అంది. పొయ్యి వెలిగించనే లేదు.

28, శుక్రవారం

మధ్యాహ్నం పైకి వెళ్లాను. గది వచ్చింది. తలుపులోంచి లోపలికి వెళ్లి నాలుగు గోడలూ చూసుకున్నాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. లోపల ఆ మనిషి లేడు. పనిముట్లు కడిగి వరసగా పెట్టి వెళ్లిపోయాడు. కాసేపు కూర్చున్నాను. బాగుండేది గది.

పరంజా ఎక్కలేనని కాదు. ఎక్కగలను. రాసి పెట్టుకుంటున్నాను.

సున్నం కడగలేదు. దానంతట అదే పోతుంది.

1, సోమవారం

ఇద్దరం వెళ్లాం. ఆఫీసు మెట్ల మీద ఆమె చెప్పులు సర్దుకుని కొంగు నిండుగా కప్పుకుంది, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టు.

"గది వద్దా?" అంది కౌంటరమ్మ. "ఇన్నాళ్లు తిరిగి, తీరా వచ్చే వేళకా?"

"యజమాని మనసు మార్చుకున్నారు" అన్నాను.

"ఏం కావాలి ఇప్పుడు?"

"వంటగది గోడకు కిటికీ" అంది మా ఆవిడ. "మూడడుగులకు మూడున్నర."

గడ్డం ఇంజనీరు అప్పటికప్పుడు కొత్త ప్లాను గీసిచ్చాడు. కింది అంతస్తు గోడ, పరంజా అక్కర్లేదు, నేల మీద నిలబడి చేసుకునే పని. కట్టేవారు అన్నచోట నా పేరు ఆమే చదివి, "సరిగ్గానే రాశారు" అంది. మూడు చోట్ల సంతకం పెట్టింది. నెమ్మదిగా, నాలుక కొస పంటి కింద పెట్టుకుని.

కౌంటరమ్మ పాత ఫైలు తీసి పక్కన పెట్టింది. ఒకటి చూసింది, రెండోది చూసింది.

"పోయినసారి సంతకం వేరేలా ఉందే."

"కళ్లజోడు మార్చానమ్మా" అంది మా ఆవిడ.

కౌంటరమ్మ తన కళ్లజోడు మీదుగా నన్ను చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. పాత కాగితాలు అడుగున పెట్టి, కొత్తవి పైన పెట్టి, పిన్ను కొట్టింది. "మీరు అదృష్టవంతులు" అంది. ఎవరితో అందో తెలియలేదు.

తిరిగి వస్తూ ఆమె నా కంటే ముందు నడిచింది.

9, మంగళవారం

ఆమె ఫోనుకు వచ్చింది. అనుమతి మంజూరు. నాకు చదివి వినిపించింది. రెండోసారి నేను చదివాను.

10, బుధవారం

పని మొదలు. మా గోడకూ పక్కింటి గోడకూ మధ్య మూడడుగుల సందు. అందులో నిలబడ్డాను. పై భాగాన లింటెల్ పట్టే మేరకు ఉలితో గాడి తీస్తున్నాను. ముందు పైన బరువు మోసేది పెట్టి, అది గట్టిపడ్డాక కింద తియ్యాలి. తొందరపడితే గోడ మీదికొస్తుంది.

సుత్తి రెండుసార్లు వేలి మీద పడింది. నలభై ఏళ్లలో పడనిది. ఎవరూ చూడలేదు.

11, గురువారం

రెండు జానల గాడి. అంతే.

15, సోమవారం

లింటెల్ కూర్చోబెట్టాను. గడ్డం ఇంజనీరు వచ్చి ఒక కొస పట్టాడు. ప్లాను గీసేవాడికి బరువు తెలియాలి అన్నాను. ఆయాసపడ్డాడు. సంతోషం వేసింది.

ఇక పది రోజులు ముట్టుకోకూడదు. తడుపుతూ ఉండాలి.

19, శుక్రవారం

తడిపాను. మధ్యాహ్నాలు ఇప్పుడు సందులోనే కూర్చుంటున్నాను, స్టూలు వేసుకుని. పైన సన్నగా ఆకాశం, పొడుగ్గా చింపిన గుడ్డపేలికలా. గోడకు వీపు ఆనిస్తే లోపల ఆమె నడిచే అడుగులు వీపుకు తెలుస్తాయి. పొయ్యి నుంచి కుళాయికి ఐదు అడుగులు. కుళాయి నుంచి పొయ్యికి ఆరు, చేతిలో గిన్నె ఉన్నప్పుడు. ఇన్నేళ్లూ ఈ గోడకు ఇటువైపు ఎప్పుడూ కూర్చోలేదు. అడుగులు వింటూ వింటూ కునుకు తీశాను. కలేమీ రాలేదు.

25, గురువారం

మొదటి ఇటుక తీశాను.

చుట్టూ మాలు గీకి, కొంచెం కొంచెంగా కదిలించి, చేతుల్లోకి తీసుకున్నాను. తేలిగ్గానే వచ్చింది. లోపల బల్బు ఆర్పేసి ఉంది, చీకటి. ఇటుక కింద పెట్టి కన్ను ఆనించి చూశాను. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత గిన్నె అంచు మెరిసింది. తర్వాత ఆమె కన్ను.

ఇంత దగ్గరగా, ఒక్క కన్నే. రెప్ప వేస్తే వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. నేను ఏదో అనబోయాను. మొహానికీ మొహానికీ మధ్య ఒక ఇటుక మందం.

"ఏవండీ" అంది.

"ఊఁ."

"కాస్త పక్కకు జరగండి. వెలుతురు రావడం లేదు."

జరిగాను.